ఏం మారిందో ముందు చెప్పు

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రివ్యూ, దాంతోపాటు రాసిన పొడుగాటి ఉత్తరం రెండూ చదివాను. ఢిల్లీ బ్యాండు ఇండియన్ ఓషన్ గురించి రివ్యూలో "వీళ్ళు ఒకప్పటి వీళ్ళు కారు, ఆత్మ పోయింది" అని తేల్చేశావు. ఉత్తరంలో నీ నవలిక మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయిందన్నావు. గుంటూరు బ్రాడీపేటలో స్నేహితులతో కలిసి కడుతున్న పాటలు మునుపటిలా రావడం లేదన్నావు. సొంతంగా రాసుకునేవాళ్ళు ఇతరుల మీద రివ్యూలు రాయొచ్చా, ఏదో ఒకటి మానెయ్యాలా అని అడిగావు. రెండూ ఒకే వారంలో రాశావు కదా. నాకైతే రెంటిలోనూ ఉన్నది ఒకటే బాధ అనిపించింది. అందుకే కలిపి జవాబు రాస్తున్నాను.

ముందు రివ్యూ సంగతి. అందులో నాకు బాగా నచ్చింది మీ నాన్నగారి క్యాసెట్ గురించిన పేరా. కందీసా పాట మొదటిసారి విన్నప్పుడు ఏ భాషో తెలియకపోయినా నోరు దానంతట అదే కదిలిందని రాశావు. అక్కడ నువ్వు నిజంగా విన్నావని చదివేవాడికి తెలుస్తుంది. అది కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన గీతం, అరమాయిక్ భాషలోది. ఢిల్లీ కుర్రాళ్ళు కట్టిన ఆ పాట గుంటూరులో ఒక పిల్ల నోటికి రావడం చిన్న విషయం కాదు. నీ రివ్యూ అక్కణ్ణుంచే మొదలవ్వాలి. నువ్వు దాన్ని మూడో పేరాలో దాచి, మొదటి పేరాలో తీర్పు పెట్టావు.

"ఆత్మ పోయింది" అనే మాటతో చదివేవాడు ఏం చేసుకుంటాడమ్మా? ఒప్పుకోవడానికీ కాదనడానికీ అందులో ఏమీ లేదు. నీకు బాధ కలిగిందని మాత్రం తెలుస్తుంది. ఏం మారిందో చెబితే అతను వెళ్ళి విని, నీతో పోట్లాడటానికైనా వస్తాడు.

ఏం మారిందో చూద్దాం. 1990లో ఢిల్లీలో మొదలైన బ్యాండు అది. 2000లో కందీసా ఆల్బం వచ్చేనాటికి నలుగురు. సుస్మిత్ సేన్ గిటార్, రాహుల్ రామ్ బేస్, అమిత్ కిలమ్ డ్రమ్స్. అషీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూనే పాడేవారు. రాహుల్, అమిత్ కూడా గొంతు కలిపేవారు. 2009 డిసెంబర్ 25న అషీమ్ పోయారు. 2010లో వచ్చిన ఆల్బంలో ఆయన గొంతు ఉంది. తాము ఏళ్ళ తరబడి ప్రాక్టీసు చేసుకున్న పాత ఇంటి చిరునామానే దానికి పేరుగా పెట్టి, నెలకో పాట చొప్పున ఉచితంగా విడుదల చేశారు. ఆ తర్వాత పాటకి హిమాంశు జోషి, తబలాకి తుహీన్ చక్రవర్తి వచ్చారు. ఒక మనిషి చేసిన పని ఇద్దరి చేతుల్లోకి వెళ్ళింది. 2013లో సుస్మిత్ సేన్ వెళ్ళిపోయారు, నిఖిల్ రావు వచ్చారు. 2014లో తందాను ఆల్బంలో అతిథి కళాకారులు చేరారు. శంకర్ మహదేవన్, విశ్వమోహన్ భట్, శుభా ముద్గల్, సెల్వగణేశ్ లాంటివాళ్ళు. మళ్ళీ పూర్తి ఆల్బం వచ్చింది 2023లో. కందీసా నాటి నలుగురిలో ఇప్పుడు ఉన్నది ఇద్దరే.

ఇవన్నీ ఎవరైనా చూసి రాయగల వివరాలే. వీటిలోంచి చెవికి ఏం మారిందో చెప్పడమే రివ్యూ రాసేవాడి పని. అషీమ్ ఒక్కరే తబలా వాయిస్తూ పాడటం అన్న ఒక్క సంగతి తీసుకో. దీన్ని అర్థం చేసుకోవడానికి నువ్వు ఢిల్లీ దాకా వెళ్ళక్కర్లేదు. మీ జిల్లా పొన్నెకల్లు వాడైన షేక్ నాజర్ బుర్రకథ రికార్డింగు ఒకటి విను. కథకుడు తంబూరా మీటుతూ, చేతి అందెలు మోగిస్తూ, అడుగులు వేస్తూ, తానే పాడతాడు. పక్కన డక్కీలు వాయించే వంతలు ఉన్నా, కథ నడక మాత్రం ఆ ఒక్క శరీరంలోనే ఉంటుంది. ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో తాళం అక్కడ సర్దుకుంటుంది. మాట ఎక్కడ బిగిస్తాడో చెయ్యి అక్కడ బిగుస్తుంది. పాడే మనిషీ లయ పట్టే మనిషీ ఒక్కరే అయినప్పుడు ఆ రెంటికీ మధ్య సందు ఉండదు. ఇద్దరైతే సందు వస్తుంది. ఆ సందులో గాయకుడికి స్వేచ్ఛ దొరుకుతుంది, స్వరాన్ని ఇంకాస్త సేపు నిలపొచ్చు, ఆలాపన సాగించొచ్చు. తబలా వాయించేవాడికీ అంతే, మాటల బరువు లేకుండా చెయ్యి ఆడుతుంది. కానీ పాత పాటల్లో నిన్ను పట్టుకున్న ఆ ముడి వదులవుతుంది.

నువ్వు "ఆత్మ" అన్నది బహుశా ఈ ముడినే అనుకుంటాను. కాకపోతే ఇంకేదో అయి ఉంటుంది. సుస్మిత్ గిటార్ తీగ మీద రాగం పలికించే తీరు కావచ్చు, లేదా పాటలు నిదానంగా విచ్చుకునే పద్ధతి కావచ్చు. నువ్వే వెతుక్కోవాలి. వెతికి దొరికినదాన్ని ఒక్క వాక్యంలో రాయగలిగితే, ఆ వాక్యం ఒక్కటీ నీ ఎనిమిది వందల మాటల రివ్యూని నిలబెడుతుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఒక బ్యాండు శబ్దం మారిందని విన్నప్పుడల్లా నేను వేసుకునే ప్రశ్న ఒకటే. ఇది నిర్ణయమా, నష్టమా? వాళ్ళు కావాలని ఏదైనా వదిలేశారా, లేక చేతిలోంచి పోతే మిగిలినదాంతో కట్టుకున్నారా? బయటికి రెండూ ఒకేలా వినిపిస్తాయి, "పాతలా లేదు" అని. కానీ వాటిని ఒకే కొలతతో కొలిస్తే అన్యాయం చేసినట్టే. అషీమ్ పోవడం నష్టం. అతిథులని పిలిచి పాటలు కట్టడం నిర్ణయం. నీ రివ్యూలో ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపేసి, ఒకే తిట్టు తిట్టావు. మొదటిదాని ముందు నువ్వు కాసేపు మౌనంగా ఉండాలి. రెండోదాన్ని మాత్రం గట్టిగా నిలదీయొచ్చు. అంతమంది వచ్చి పాడితే బ్యాండు సొంత గొంతు ఎక్కడ మిగిలింది అని అడగడం న్యాయమైన ప్రశ్న. నాకూ ఆ అనుమానం ఉంది. కొన్ని చోట్ల అతిథి వెలుగులో ఆతిథ్యం ఇచ్చినవాళ్ళు వెనక్కి తగ్గినట్టు నాకు వినిపించింది.

నిర్ణయం తీసుకుని మారినవాళ్ళలో ఇంగ్లండు రాక్ బ్యాండు రేడియోహెడ్ సంగతి నీకు తెలుసు. 1997లో గిటార్లతో ప్రపంచమంతా పేరు తెచ్చుకుని, 2000లో కిడ్ ఏ అనే ఆల్బంలో ఆ గిటార్లనే పక్కకి జరిపి, ఎలక్ట్రానిక్ శబ్దాల మీద నిలబడ్డారు. అప్పట్లో తిట్టిన సమీక్షకులు ఉన్నారు. పదేళ్ళు తిరక్కుండానే సంగీత సమీక్షలకి పేరున్న రోలింగ్ స్టోన్, పిచ్‌ఫోర్క్ రెండూ ఆ దశాబ్దపు మొదటి ఆల్బంగా దాన్నే నిలబెట్టాయి. ఈ కథ చెప్పి మారిన ప్రతివాడికీ జై కొట్టమనడం లేదు. మార్పు పేరుతో చేతులెత్తేసినవాళ్ళూ ఉంటారు. సినిమా అవకాశం కోసమో, ఈవెంట్లలో ఆడించడం కోసమో తమకున్న ఒక్క ప్రత్యేకతనీ అరగదీసుకున్నవాళ్ళని మన చుట్టూనే చూస్తున్నాం. వాళ్ళ విషయంలో నువ్వు కఠినంగా ఉండు. ఏం వదిలేశారో, దాని బదులు ఏం తెచ్చారో మాత్రం స్పష్టంగా రాసి ఉండు.

మన ఊళ్ళోనే ఇంకో గొప్ప ఉదాహరణ ఉంది. బాలమురళీకృష్ణ గారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యుడు. ఇక్కడి సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు, విజయవాడ రేడియోలో పనిచేశారు. 1948 డిసెంబర్ 1న మొదలైన ఆ రేడియో స్టేషన్, పొద్దున్నే వచ్చే దాని భక్తి పాటల కార్యక్రమం భక్తిరంజని, ఈ ప్రాంతంలో రెండు మూడు తరాల చెవులని తయారు చేశాయి. రాగానికి కనీసం ఐదు స్వరాలు ఉండాలన్నది సంప్రదాయం. బాలమురళి గారు నాలుగింటితోనే పాడారు. లవంగి రాగానికి స, రి, మ, ద. మహతి రాగానికి స, గ, ప, ని. అది రాగమే కాదని విద్వాంసుల్లో కొందరు గట్టిగా వ్యతిరేకించారు, పెద్ద వివాదమే నడిచింది. ఎవరి పక్షం వహించాలన్నది పక్కన పెట్టు. వాళ్ళు దేని మీద పోట్లాడారో చూడు. స్వరాల సంఖ్య మీద, ఆ కొద్ది స్వరాలతో రాగానికి రూపం వస్తుందా రాదా అన్నదాని మీద. వినేవాడు లెక్కపెట్టుకోగల సంగతి అది. ఆయనది నిర్ణయమని సమర్థించినవాళ్ళకీ తెలుసు, తిట్టినవాళ్ళకీ తెలుసు. అంత స్పష్టంగా పోట్లాడే సంస్కారం మన తెలుగు మ్యూజిక్ రివ్యూల్లోకి రావాలని నా కోరిక. నీలాంటివాళ్ళు తేవాలి.

ఎలా వినాలో కూడా చెబుతాను, ఇది నేను పాటించిన పద్ధతే. పత్రికకి కచేరీ రివ్యూలు రాసే రోజుల్లో తుమ్మలపల్లి కళాక్షేత్రం నుంచి బయటికి రాగానే నచ్చిందా లేదా అన్నది రాసుకునేవాణ్ణి కాదు. వినిపించింది మాత్రమే రాసుకునేవాణ్ణి. మృదంగం ఎక్కడ ఆగింది, గాయకుడు పాట వరసని మార్చి పాడే సంగతుల్లో ఏది మళ్ళీ మళ్ళీ వేశాడు, జనం ఎప్పుడు కదిలారు. అభిప్రాయం మర్నాడు. నువ్వు ఆల్బం వింటావు కాబట్టి నీకు ఇంకా వీలు. ఒకసారి బేస్ ఒక్కటే పట్టుకుని విను. ఇంకోసారి తబలా ఒక్కటే. ఇయర్‌ఫోన్స్‌లో విన్నది గదిలో స్పీకర్ మీద కూడా విను, ఎందుకంటే మిక్సింగ్ మారితే ఒక్కోసారి బ్యాండే మారినట్టు అనిపిస్తుంది. రికార్డింగు ఎక్కడ జరిగిందో తెలుసుకో. ఇండియన్ ఓషన్ వాళ్ళ డెజర్ట్ రెయిన్ ఆల్బం 1997లో జనం ముందు చేసిన కచేరీ రికార్డింగు. స్టూడియోలో చేసినదాన్ని దాని పక్కన పెట్టి వేడి తగ్గిందంటే, ఆ వేడిలో కొంత గదిది, కొంత జనానిది. బ్యాండు ఖాతాలో ఎంత రాయాలో నువ్వు విడదీయాలి.

ఇంకో మాట. నువ్వు కందీసా విన్నప్పుడు నీకు పదేళ్ళో పన్నెండేళ్ళో. ఆ క్యాసెట్లో బ్యాండుతో పాటు మీ ఇల్లు, మీ నాన్నగారు, ఆ వయసు కూడా ఉన్నాయి. కొత్త ఆల్బం వాటిని ఇవ్వలేదని బ్యాండుని తప్పుపట్టకూడదు. అలాగని ఆ జ్ఞాపకాన్ని రివ్యూలోంచి తీసెయ్యమననూ. "నేను ఈ చెవితో విన్నాను" అని చదివేవాడికి చెప్పేస్తే చాలు, అతను తన చెవితో సరిచూసుకుంటాడు.

ఇక నీ సొంత పని. నువ్వు పంపిన మొదటి రెండు అధ్యాయాలు చాలా బావున్నాయి. మిర్చి యార్డు, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠా కార్మికులు, కాటా దగ్గర గొడవ, ఘాటుకి తుమ్ముతూనే కథ చెప్పే అమ్మమ్మ. ఆమె వాక్యం మొదలైతే అరపేజీ దాకా ఆగదు, ఆగనివ్వకపోవడం నీ బలం. మూడో అధ్యాయంలో మనవరాలు విజయవాడ హాస్టల్లో ఉంది. వాక్యాలు పొట్టివైపోయాయి, సగం పైగా సంభాషణలే. "మొదటిదే బావుంది, ఇది నీలా లేదు" అని స్నేహితులు అన్నారు. నువ్వు ఆపేశావు. ఆ వారమే కూర్చుని, ఒక బ్యాండు మునుపటిలా లేదని కోపంగా రివ్యూ రాశావు. ఆ కోపంలో కొంత నీ నవలిక మీదిది. నిన్ను నొప్పించాలని చెప్పడం లేదు. రాసేవాళ్ళు రివ్యూలు రాసినప్పుడు ఇది ఎప్పుడూ పొంచి ఉండే ప్రమాదం. ఇంట్లో తెగని పంచాయితీ వేరే వాళ్ళ గుమ్మంలో తీరుస్తాం.

కాబట్టి బ్యాండుని అడిగిన ప్రశ్నే నవలికనీ అడుగు. వాక్యం పొట్టిదవ్వడం నిర్ణయమా, నష్టమా? ఆ హాస్టల్ పిల్ల అలాగే మాట్లాడుతుంది, ఫోన్లో ముక్కలు ముక్కలుగా, అమ్మమ్మ మాటని తెంపుకుని బయటపడ్డ పిల్ల కాబట్టి అలాగే ఉండాలి అని నీకు అనిపిస్తే అది నిర్ణయం. అప్పుడు స్నేహితుల మాట వినకు. వెనక్కి వెళ్ళి మొదటి అధ్యాయంలోనే ఆ పిల్ల చేత రెండు పొట్టి మాటలు అనిపించు, పాఠకుడి చెవి సిద్ధమవుతుంది. అలా కాక, అమ్మమ్మ మాట తీరు రెండు అధ్యాయాలకే నీ దగ్గర అయిపోయి, ఇంక రాయలేక హాస్టల్‌కి పారిపోయి వచ్చావా? అయితే అది నష్టం. దాన్ని దాచకు. పొద్దున్నే మళ్ళీ యార్డుకి వెళ్ళు, ముసలివాళ్ళ పక్కన కూర్చుని విను. మాటలు ఇంకా అక్కడే ఉన్నాయి. నేను చదివినంతలో మొదటిదే నిజం అనుకుంటున్నాను. మూడో అధ్యాయంలో ఆ పిల్ల "అమ్మమ్మ చెప్పింది కదా, ఇంక చాలు" అని ఫోన్ పెట్టేసే చోటు నువ్వు భయంతో రాసినట్టు లేదు.

పాటల విషయంలో మాత్రం అది నష్టమే. వయొలిన్ వాయించే కుర్రాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోయాడన్నావు. ఇప్పుడు అతని వరసలనే కీబోర్డు మీద వాయిస్తున్నారు. అందుకే బోసిగా ఉంది. వయొలిన్ మీద ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు జారుతుంది, ఆ జారుడులోనే గమకం ఉంది. కీబోర్డులో మెట్టు మెట్టుకీ మధ్య ఆ దారి లేదు. స్వరాన్ని వంచే బెండ్ చక్రం తిప్పి దగ్గరికి తేవచ్చు గానీ అది అనుకరణలాగే ఉంటుంది. పోయిన మనిషి వాటాని ఇంకో వాయిద్యానికి అతికించకండి. పాట పల్లవి, మాటలు ఉంచుకుని మిగతాదంతా ఉన్న వాయిద్యాల కోసం కొత్తగా కట్టండి. నీ గొంతుకి మధ్యలో చోటు పెరుగుతుంది, దాన్ని నింపాలని కంగారు పడకండి. అషీమ్ తర్వాత ఆ ఢిల్లీ బ్యాండు ఎదుర్కొన్న చిక్కు కూడా ఇలాంటిదే. అది నీ గదిలోనే ఉండగా వాళ్ళ మీద రాసిన రివ్యూలో దాని ప్రస్తావనే లేకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. పాట కట్టే మనిషివి కాబట్టి, కట్టనివాడికి వినపడని చిక్కులు నీకు వినపడాలి. రెండు పనులూ చెయ్యొచ్చా అని అడిగావు కదా. చెయ్యి. మానకు.

కాకపోతే కొన్ని జాగ్రత్తలు. నీకు తెలిసినవాళ్ళ పని మీద రివ్యూ రాయకు. రాయక తప్పకపోతే తెలుసని మొదటి పేరాలోనే చెప్పు. నీ పాటలు ఎవరి దృష్టిలోనైనా పడాలన్న ఆశతో ఎవరినీ పొగడకు, చదివేవాళ్ళు ఇట్టే పసిగడతారు. పొద్దుటి పూట నవలికకి, సాయంత్రం రివ్యూకి ఉంచుకో. తిప్పి పెడితే రివ్యూ భాష కథలోకి వస్తుంది. పాత్ర తలుపు వేసుకుంది అని రాసి ఊరుకోకుండా, ఎందుకు వేసుకుందో వ్యాఖ్యానం మొదలుపెడతావు. నీ మూడో అధ్యాయం చివర్లో అలాంటి వాక్యాలు రెండు మూడు ఉన్నాయి, పెన్సిల్‌తో గీత గీశాను. "అద్భుతం", "మ్యాజిక్", "నెక్స్ట్ లెవెల్" లాంటివి కొన్నాళ్ళు పక్కన పెట్టు. శృతి, కాలప్రమాణం, రిఫ్, బేస్‌లైన్, ఏది అవసరమైతే అది వాడు. మన పదమా బయటిదా అని మొహమాటపడకు.

రివ్యూ మళ్ళీ రాసి పంపు. క్యాసెట్ పేరాతో మొదలుపెట్టు. తీర్పు ఉంచాలనిపిస్తే ఉంచు, నాతో ఏకీభవించక్కర్లేదు. పాత పాట ఒకటి, కొత్త పాట ఒకటి తీసుకుని, గొంతుకీ తబలాకీ మధ్య ఏం జరుగుతోందో ఒక్కో పేరా రాయి. మూడో అధ్యాయం కూడా పూర్తి చేసి దాంతోపాటే పెట్టు. దిద్దకుండా పంపినా పర్వాలేదు. జనవరిలో పుస్తకాల పండక్కి ఎలాగూ బెజవాడ వస్తావు కదా, అప్పుడు రెండూ ప్రింటు తీసుకునిరా. గాంధీనగర్‌లో కూర్చుని లైను లైనూ చూద్దాం. మీ బ్యాండు పాట ఫోన్లో రికార్డు చేసిందైనా సరే, ఆ కొత్త కట్టుబడితో ఒకటి తీసుకొస్తే ఇంకా సంతోషం.

మీ నాన్నగారిని అడిగానని చెప్పు.

మీ మాస్టారు